సాఫ్ట్‌వేర్ సింథసైజర్ల (కంప్యూటర్‌లో నడిచే వాయిద్యాల) కోసం ప్రత్యేకంగా అమ్మే పెట్టె కొనడం దండగా?

ఇంట్లో కూర్చుని సంగీతం చేసుకునేవారికి దండగే, తరచూ స్టేజీ ఎక్కే కీబోర్డు ప్లేయర్‌కు మాత్రం పెట్టిన డబ్బుకు విలువ ఉంటుంది.

ఆ పెట్టె లోపల ఉన్నదీ కంప్యూటరే. ఒకప్పుడు పేరున్న మ్యూజ్ రిసెప్టర్ అనే పెట్టె లోపల నడిచింది కంప్యూటర్లలో వాడే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమే. మనం డబ్బు కట్టేది నిలకడకు: మధ్యలో అప్‌డేట్లు రావు, ఆన్ చేయగానే మన సౌండ్లు సిద్ధంగా ఉంటాయి.

మీట నొక్కాక స్వరం ఆలస్యంగా వినిపించడం మామూలు ల్యాప్‌టాప్‌లోనూ తగ్గించుకోవచ్చు. శబ్దాన్ని కంప్యూటర్ శాంపిళ్లుగా (చిన్న ముక్కలుగా) లెక్కకట్టి, కొన్నింటిని బఫర్‌లో పోగుచేసి ఒకేసారి పంపుతుంది. 44,100 హెర్ట్జ్ (సెకనుకు అన్ని శాంపిళ్లు) దగ్గర బఫర్ 1024 శాంపిళ్లు ఉంటే దానివల్లే దాదాపు 23 మిల్లీసెకన్ల ఆలస్యం. అది వేళ్లకు తెలిసిపోతుంది. 128కి దించితే 3 మిల్లీసెకన్లే. కాకపోతే దించేకొద్దీ ప్రాసెసర్ మీద భారం పెరిగి శబ్దంలో చిటపటలు వస్తాయి. ఏఎస్ఐఓ డ్రైవర్ (విండోస్‌లో ఈ ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) ఉన్న మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ శబ్దాన్ని స్పీకర్లకు అందించే పరికరం) కొంటే చాలావరకు సర్దుకుంటుంది.

విజయనగరంలో సిరిమానోత్సవం రోజుల్లో ఆర్కెస్ట్రాలో వాయించేవారిని తీసుకోండి. పాట మధ్యలో ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే వేల మంది ముందు పరువు పోతుంది. అక్కడ ఆ పెట్టె టెన్షన్ తీరుస్తుంది. అయితే జనరేటర్ మార్చేటప్పుడు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ కాపాడుతుంది, బ్యాటరీ లేని పెట్టెకు యూపీఎస్ తప్పనిసరి.

పెట్టెలో సౌండ్ మెరుగ్గా ఉంటుందని చాలామంది నమ్ముతారు. అదే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్ వాయిద్యం), అవే సెట్టింగులైతే లెక్క ఒకటే, సౌండూ ఒకటే. పైగా అన్ని పెట్టెల్లో అన్ని ప్లగిన్లూ నడవవు. 2024లో ఆర్టూరియా కంపెనీ తెచ్చిన, ఇలాంటి పెట్టె లోపలే ఉన్న ఆస్ట్రోల్యాబ్ కీబోర్డులో ఆ కంపెనీ సౌండ్లే పలుకుతాయి.