ఆ నిమ్మాకు గురించి ఇంకా రాయి

తమ్ముడూ,

చలికాలంలో గ్రీన్‌హౌస్‌ని, అంటే అద్దాలతోనో ప్లాస్టిక్‌తోనో కట్టే మొక్కల గదిని, వెచ్చగా ఉంచడం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. వయసులో చిన్నవాడినని నువ్వే చెప్పావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. మొదటిసారి చదివి కోపంతో పక్కన పడేశాను. రెండు రోజులయ్యాక మళ్లీ తీశాను, ఎందుకంటే అందులో ఒక చోటు నన్ను వదల్లేదు. తెల్లవారుజామున టార్చి పట్టుకుని పెరట్లో గ్రీన్‌హౌస్‌లోకి వెళ్లావు. నిమ్మమొక్క ఆకు ఒకటి అద్దానికి ఆనుకుని ఉంది. దాన్ని వేలితో ఇవతలికి లాగి చూస్తే, అద్దానికి తగిలిన మేర మాత్రమే నల్లబడి, ఉడికిన ఆకులా మెత్తగా అయిపోయింది. మిగతా ఆకు పచ్చగానే ఉంది. ఇంతే రాశావు, అదీ బ్రాకెట్లలో. వెంటనే కొత్త పేరా ఎత్తుకుని "చలికాలంలో గ్రీన్‌హౌస్ మొక్కలకు అమ్మ ఒడి లాంటిది" అన్నావు.

బాగుంది అని ఒక్క మాట అంటున్నాను, ఆ ఆకుకి. అమ్మ ఒడి మాత్రం అక్కడ అబద్ధం. దాని పైవాక్యంలోనే నువ్వు ఒక ఆకు చచ్చిపోవడం కళ్లారా చూశావు.

ఆ ఆకు దగ్గర ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే నీ వ్యాసం మొత్తం అక్కడే దొరికేది. రాత్రి గడిచేకొద్దీ ఒంటిపొర అద్దం ఉష్ణోగ్రత లోపలి గాలిని వదిలేసి బయటి చలివైపు జారిపోతుంది. లోపల గాలి ఇంకా 3, 4 డిగ్రీల దగ్గర ఉన్నా అద్దం సున్నా కిందికి దిగిపోవచ్చు. దాన్ని తాకిన చోట ఆకులోని నీరు గడ్డకడుతుంది, కణాలు పాడైపోతాయి. జానెడు ఇవతల ఉన్న ఆకు బతికిపోతుంది. అంటే నీ గ్రీన్‌హౌస్‌లో వేడి ఎటు పోతోందో ఆ నల్లమచ్చ చూపించింది. నువ్వేమో అక్కణ్ణించి లేచి హీటర్ల గురించి రెండు పేజీలు రాశావు.

నేను 30 ఏళ్లుగా ఒకటే మాట చెబుతున్నాను, చెప్పి చెప్పి నా నోరు నొప్పిపెట్టింది తప్ప వినేవాళ్లు తక్కువ. గ్రీన్‌హౌస్‌ని వెచ్చగా ఉంచడమంటే వేడి తెచ్చి పోయడం కాదు, ఉన్న వేడిని పోనివ్వకుండా పట్టుకోవడం. చిల్లు కుండలో నీళ్లు పోస్తూ కూర్చుంటే ఎంతసేపు పోస్తావు? ముందు చిల్లు ఎక్కడుందో వెతకాలి కదా.

ఇక నాకు కోపం తెప్పించిన చోటుకి వస్తాను. "రెండు కొవ్వొత్తులు వెలిగించి పైన మట్టి కుండీ బోర్లిస్తే చాలు, గ్రీన్‌హౌస్ రాత్రంతా వెచ్చగా ఉంటుంది" అని ముగించావు. నువ్వు వెలిగించి చూశావా? చూడలేదని ఆ వాక్యమే చెబుతోంది, ఎందుకంటే వ్యాసం మొత్తంలో అంత నున్నటి వాక్యం ఇంకొకటి లేదు. చేతులు తడిసిన మనిషి అలా రాయడు.

లెక్క వేద్దాం, పెద్ద కష్టమేం కాదు. చిన్న కొవ్వొత్తి ఇచ్చే వేడి 30, 40 వాట్లు. నీ గ్రీన్‌హౌస్ 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు అన్నావు, అంటే గోడలూ పైకప్పూ కలిపి ఇంచుమించు 25 చదరపు మీటర్ల అద్దం. లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరు ఒంటిపొర అద్దంలోంచి దాదాపు 6 వాట్లు పోతాయి. బయటికంటే 10 డిగ్రీలు ఎక్కువ ఉంచాలంటే 1500 వాట్లు కావాలి, సందుల్లోంచి పోయేది ఇందులో కలపనే లేదు. నీ రెండు కొవ్వొత్తులు మహా అయితే 80 వాట్లు. అర డిగ్రీ వస్తుంది. మట్టి కుండీ ఆ వేడిని కాసేపు పట్టుకుని మెల్లగా వదులుతుందేగానీ ఒక్క వాట్ కూడా కొత్తగా పుట్టించదు.

ఈ కొవ్వొత్తి మాట వింటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. కారణం చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికకు ఇదే విషయం మీద వ్యాసం పంపాను, పైన చెప్పిన లెక్కతో సహా. అంకెలు చూస్తే పాఠకులు పేజీ తిప్పేస్తారని సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేశారు. అంతటితో ఊరుకోలేదు, నన్ను అడక్కుండా చివర ఒక బాక్సు కట్టి అందులో కొవ్వొత్తి చిట్కా పెట్టారు, నా పేరు కిందే. నెల తర్వాత ఒక పెద్దావిడ ఉత్తరం రాసింది. నా మాట నమ్మి మూడు కొవ్వొత్తులు పెట్టి పడుకుందట, పొద్దున లేచేసరికి ట్రేలలో ఉన్న నారంతా వాలిపోయి నేలకు అంటుకుపోయిందట. నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. "నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది. ఆ కార్డు ఇంకా నా సొరుగులోనే ఉంది. అప్పట్నుంచి అంకె తీసేస్తామన్న చోట నా వ్యాసం వెనక్కి తెచ్చుకుంటున్నాను. దానివల్ల అచ్చుకాకుండా ఉండిపోయినవి చాలానే ఉన్నాయి, ఒక్కదానికీ బాధపడలేదు. ఇప్పుడేమో ప్రతిదీ ఐదు చిట్కాలు, ఏడు చిట్కాలు అయిపోయింది. చలి చిట్కాల వరసలో రాదు. ఒక్క సందు వదిలేసి మిగతా ఆరూ చేసినా లాభం లేదు.

సందులంటే గుర్తొచ్చింది, నీ వ్యాసంలో తలుపు గురించి ఒక్క మాట లేదే? తలుపు కింద సందు, పైకప్పు కిటికీ సరిగ్గా మూసుకోకపోవడం, అద్దం పగిలిన మూల, ఫ్రేముకీ పునాదికీ మధ్య ఖాళీ, ఇవే అసలు దొంగలు. గాలి వీచే సాయంత్రం ఒక అగరొత్తి వెలిగించి ఫ్రేము వెంబడి మెల్లగా నడు. పొగ నిలువుగా లేస్తే పరవాలేదు, ఒక పక్కకి లాగేసిందంటే అక్కడ సందు ఉన్నట్టే. ఆ పని చేసిన రోజు నాకు నిజంగా సిగ్గేసింది, తలుపు పక్కన నా చిటికెన వేలు దూరేంత సందు ఉంది, మూడు చలికాలాలు దాని పక్కనే హీటర్ పెట్టి కూర్చున్నాను.

సందులు మూశాక అద్దానికి లోపలి వైపు బబుల్ ర్యాప్ కట్టు, బుడగలు పెద్దవిగా ఉండే రకం. కొంచెం వెలుతురు తగ్గుతుంది, అయినా సరే, అందులో చిక్కుకున్న గాలి వేడిని బాగా ఆపుతుంది. గ్రీన్‌హౌస్ మొత్తాన్ని కాపాడాలన్న పంతం కూడా వదిలెయ్. చలికి తట్టుకోలేని కుండీలన్నీ ఒక మూలకు చేర్చి, ఆ మూలను ప్లాస్టిక్ షీటుతో వేరు చేసి, రాత్రిపూట పైన పలచటి క్రాప్ కవర్, అంటే మొక్కల మీద పరిచే గుడ్డ లాంటి షీటు, రెండు పొరలు కప్పు. పొద్దున తీసెయ్, మర్చిపోకు, లోపల చెమ్మ పట్టి బూజు తెగులు వస్తుంది. నీళ్లు కూడా పొద్దున్నే, అదీ మట్టి వేలికి పొడిగా తగిలితేనే. సాయంత్రం తడిపిన కుండీ రాత్రంతా చల్లగా, తడిగా ఉండిపోతుంది.

పగటి వేడిని రాత్రికి దాచుకోడానికి లోపల పెట్టే నీళ్ల డ్రమ్ముల సంగతి అడిగావు. మంచిదే, కానీ దాన్నీ లెక్కతో చూడు. 200 లీటర్ల డ్రమ్ము 10 డిగ్రీలు చల్లబడితే 2.3 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి వదులుతుంది. 14 గంటల రాత్రికి పంచితే అది సగటున 165 వాట్లకు అటూ ఇటూ, అంటే అద్దాలు అలాగే ఉంచేస్తే ఒక డ్రమ్ముకు ఒక డిగ్రీ. బబుల్ ర్యాప్ కట్టి, మూల వేరు చేశాక అదే డ్రమ్ము చాలా పెద్ద సాయం. నల్లరంగు వేసి పగలు ఎండ పడేచోట పెట్టు. వారం రోజులు మబ్బు పట్టిందనుకో, డ్రమ్ము పగలు వేడెక్కదు, రాత్రికి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. ఇది ఎవరూ రాయరు. నువ్వు రాయి. ఇంకొకటి, నీరు గడ్డకట్టేటప్పుడు కూడా వేడి వదులుతుంది, అదీ కొద్దిగా కాదు, డ్రమ్ము నీరంతా గడ్డకడితే 18 యూనిట్లు దాటుతుంది. అందుకే బాగా చలిపడ్డ రాత్రి నీళ్లున్న చోట గాలి సున్నా దగ్గర కాసేపు నిలదొక్కుకుంటుంది. నిమ్మకు అది సరిపోకపోవచ్చు, కాస్త చలికి ఓర్చుకునే మొక్కలకు ఆ కాసేపే ప్రాణం. అంచు వరకు మాత్రం నింపకు, గడ్డకడితే ఉబ్బుతుంది.

కిరోసిన్ హీటర్ వాడదామనుకుంటున్నానని ఒక చోట రాశావు. నేను మొదటి చలికాలం అదే పెట్టాను, ఇంకోటి కొనే స్తోమత లేక. లీటరు కిరోసిన్ మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా గాలిలోకి వస్తుందని అప్పుడు నాకు తెలీదు. పొద్దున తలుపు తీస్తే పైకప్పు నుంచి చుక్కలు నా మెడ మీద పడ్డాయి, ప్రతి ఆకు కొనకీ ఒక చుక్క వేలాడుతోంది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో చెప్పలేను, అక్కడే నిలబడి నోట్‌బుక్‌లో కవిత్వం రాసుకున్నాను. పది రోజుల్లో బూడిదరంగు బూజు మొదలై సగం మొక్కలు కుళ్లిపోయాయి. అందుకే అమ్మ ఒడి అని రాసినప్పుడు నీ మీద అంత కోపం వచ్చింది. ఆ నోట్‌బుక్ నాకు గుర్తొచ్చింది. ఆ హీటరే పెడితే కిటికీ కొంచెం తెరిచి ఉంచు, ఆ పొగలో మనిషికి ప్రాణాపాయం ఉంటుంది, టమాటా లాంటి మొక్కలకూ పడదు.

కరెంటు హీటర్ అయితే థర్మోస్టాట్ (పెట్టిన వేడిని బట్టి దానంతట అదే ఆగి, వెలిగే మీట) ఉన్నది, తడి చోట వాడేందుకే తయారైనది, లీకేజీ వస్తే ఆగిపోయే బ్రేకర్‌తో పెట్టించు. ఏ కంపెనీదో నన్ను అడక్కు. ఎన్ని డిగ్రీలకు పెట్టాలో ఆలోచించు. బయట సున్నా ఉన్నప్పుడు లోపల 5 డిగ్రీలు ఉంచడానికి అయ్యే కరెంటు, 10 డిగ్రీలు ఉంచాలంటే రెట్టింపు అవుతుంది. చాలామంది భయంతో 10కి పెట్టేసి, బిల్లు చూసి టెన్షన్ పడి, జనవరి మధ్యలో మొత్తం ఆపేస్తారు. మొక్కలు చచ్చేది అప్పుడే.

వ్యాసంలో ఎక్కడా ఒక్క ఉష్ణోగ్రత లేదు, "గడ్డకట్టే చలి", "ఎముకలు కొరికే చలి" తప్ప. కనిష్ఠ, గరిష్ఠ రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి కొని మొక్కల ఎత్తులో, ఎండ తగలని చోట వేలాడదీయి. ఇంకోటి బయట. పడుకునే ముందు చూసింది లెక్కలోకి రాదు, రాత్రంతా జారి జారి సూర్యోదయం వేళకి అడుగు తాకుతుంది. మబ్బు పట్టిన రాత్రి, నక్షత్రాలు కనిపించే రాత్రి వేరువేరుగా రాసుకో. నిర్మలమైన ఆకాశం కింద, గాలి కదలని రాత్రి, పలచటి పాలిథీన్ కప్పు ఉన్న గ్రీన్‌హౌస్ లోపల బయటికంటే చల్లగా ఉండడం కూడా జరుగుతుంది. పాలిథీన్ వేడిని ఆకాశంలోకి సూటిగా పోనిస్తుంది, అద్దం అలా పోనివ్వదు. నేను మొదటిసారి ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు థర్మామీటర్ పాడైందనుకుని రెండూ అటూ ఇటూ మార్చి మరీ చూశాను.

కలం పేరు, ఏ పత్రికకు పంపాలి, ఇవన్నీ ఇంకోసారి మాట్లాడదాం. ఇప్పుడే ఎక్కడికీ పంపకు. రెండు వారాలు రోజూ తెల్లవారుజామున రెండు అంకెలు రాసుకుని, కొవ్వొత్తి పేరా కొట్టేసి, బ్రాకెట్లు తీసేసి, ఆ ఆకుతో మొదలుపెట్టి మళ్లీ రాసి నాకే పంపు. ఎంత పొడవైనా చదువుతాను.

ఉత్తరం చదవగానే వెళ్లి ఆ నిమ్మకుండీని అద్దానికి ఒక జానెడు ఇవతలికి జరుపు. ఈ రాత్రికే.