రాట్‌వైలర్‌ను పంపించేయాలా?

ప్రశ్న: మాది గుంటూరులో అపార్ట్‌మెంట్. మా రాట్‌వైలర్ బ్రూనోకి మూడేళ్లు. ఇంతవరకూ ఎవరినీ కరవలేదు. 2024లో చెన్నై పార్కులో రెండు రాట్‌వైలర్లు ఐదేళ్ల పాపను కరిచిన వార్తను ఈమధ్య ఎవరో మా వాట్సాప్ గ్రూపులో మళ్లీ పెట్టారు. అప్పటినుంచి గొడవ మొదలైంది. కేంద్రం 23 జాతులను నిషేధించిందని, నెలలోగా కుక్కను పంపించేయమని అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. మావారేమో మా ఆడపడుచు వాళ్ల మామిడితోటలో వదిలేద్దామంటున్నారు. నిజంగా నిషేధం ఉందా డాక్టర్ గారూ? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గే మాట చెబుతాను. మీ అసోసియేషన్ వాళ్లు చెబుతున్న ఆ ఉత్తర్వు చెల్లదు. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసిన మాట నిజమే. 23 రకాల కుక్కల దిగుమతి, బ్రీడింగ్, అమ్మకం ఆపాలని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని అందులో ఉంది. పెంచుకుంటున్న కుక్కను ఇంట్లోంచి పంపేయమని ఆ లేఖ కూడా అనలేదు. ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. సంబంధించిన వాళ్లనెవరినీ సంప్రదించకుండా నిర్ణయం తీసుకున్నారన్నది కోర్టు చెప్పిన ముఖ్య కారణం. అదే నెలలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ లేఖను రద్దు చేసింది. ఇక అసోసియేషన్ విషయానికొస్తే, తీర్మానం చేసి పెంపుడు కుక్కను వెళ్లగొట్టే అధికారం వాళ్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొన్ని నగరపాలక సంస్థలకు మాత్రం సొంత నిబంధనలున్నాయి. కాబట్టి మీ కార్పొరేషన్‌కు వెళ్లి, లైసెన్సు విషయం కనుక్కుని వెంటనే తీసుకోండి.

లేఖలోని ఆ 23 రకాల జాబితాను నేను ఒకటికి రెండుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ బాధేసింది. జపాన్ టోసా పేరు అందులో రెండుచోట్ల ఉంది. ఒకచోట ‘టెర్రియర్లు’ అని ఊరుకున్నారు. టెర్రియర్లంటే ఒళ్లో పట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా వస్తుంది. మరోచోట ‘మాస్టిఫ్‌లు’ అన్నారు, అదీ ఒక్క జాతి పేరు కాదు. మన ఊళ్లలో కాగితాలున్న కుక్కలెన్ని? నా దగ్గరికి ‘ఒరిజినల్ పిట్‌బుల్’ అంటూ తెచ్చేవాటిలో చాలావరకు ఏ జాతి ఎంత కలిసిందో నేనే చెప్పలేను. చూపుతో తేల్చలేనిదాన్ని మున్సిపల్ సిబ్బంది ఎలా తేలుస్తారు?

జాతికి అసలు ప్రభావమే లేదని నేను అనను. పొమేరియన్ కరిస్తే కట్టు కడతాం. రాట్‌వైలర్ కరిస్తే పసిపిల్లల ప్రాణం మీదికి రావచ్చు. మీ పక్కింటివాళ్ల భయంలో తప్పేమీ లేదు. కానీ దవడ బలం వేరు, కరిచే గుణం వేరు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాలో జాతి వల్ల వచ్చేది దాదాపు 9 శాతమే. మిగతాదాంట్లో పెంపకం పాత్ర ఎంతుందో నేను రోజూ క్లినిక్‌లో చూస్తున్నాను. డాబా మీద ఎండలో గొలుసుతో కట్టేసి, దారిన పోయేవాళ్ల మీద మొరిగితే మెచ్చుకునే ఇళ్లున్నాయి. ‘కొంచెం కోపం పెరిగేలా మందేమైనా ఇవ్వండి’ అని అడిగినవాళ్లూ ఉన్నారు. అలాంటి ఇంట్లో ఏ జాతి కుక్కైనా కరుస్తుంది.

జాతులను నిషేధించిన దేశాలు సాధించిందేమిటి? బ్రిటన్ 1991లో పిట్‌బుల్‌తో కలిపి నాలుగు రకాలను నిషేధించింది. మూడు దశాబ్దాల తర్వాత ఎక్స్‌ఎల్ బుల్లీ అనే మరో రకం ప్రాణాలు తీస్తుంటే దాన్నీ జాబితాలో చేర్చాల్సి వచ్చింది. భయపెట్టే కుక్క కావాలనుకునేవాడు ఒక జాతి దొరక్కపోతే ఇంకో జాతిని వెతుక్కుంటాడు. నెదర్లాండ్స్ పిట్‌బుల్ నిషేధాన్ని పదిహేనేళ్లు నడిపి, కాట్లు తగ్గలేదని 2008లో ఎత్తేసింది. ఇటలీ 2009లో జాతుల జాబితాను పక్కనపెట్టి బాధ్యతను యజమాని మీద పెట్టింది. మన హైదరాబాద్ అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల బాబును బలితీసుకున్నవి వీధి కుక్కలు. అవి ఏ జాబితాలో ఉంటాయి?

మన దగ్గర అమలు చేయాల్సిన చట్టాలు ముందే ఉన్నాయి. 2017 నాటి బ్రీడింగ్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. కానీ నెలరోజుల పిల్లలను అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతుంటే అడిగే నాథుడు లేడు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్ల మనుషులకు, తోటి కుక్కలకు, చప్పుళ్లకు అలవాటుపడే కాలం. తల్లి దగ్గర ఉండాల్సిన రోజుల్లో విడదీస్తే ఆ పిల్ల భయంతో పెరుగుతుంది. కుక్కకాట్లలో చాలావాటి వెనక ఉండేది ఆ భయమే. అలాగే యజమాని నిర్లక్ష్యం వల్ల జంతువు ఎవరికైనా హాని చేసే పరిస్థితి ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా పడవచ్చు. ఆ సెక్షన్‌ను గట్టిగా వాడమని అడుగుతాను. జరిమానా ఇంకా పెంచినా నాకు అభ్యంతరం లేదు.

ఇక మీరు చేయాల్సినవి. బ్రూనో గడప దాటితే పట్టీ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. వాచ్‌మన్‌కో పిల్లలకో ఇవ్వకండి. లిఫ్టులో, మెట్ల మీద నోటికి మజిల్ వేయండి. మన ఎడ్లకు కట్టే చిక్కం లాంటిదే, బుట్టలా ఉండే రకం తీసుకుంటే నోరు తెరిచి వగర్చగలదు. ఇంట్లో రోజూ కాసేపు వేస్తూ అలవాటు చేయండి. కింద పిల్లలు ఆడుకునే సమయంలో దించకండి. వాడు ఎంత మంచివాడైనా సరే, ఎదుటివాళ్ల పిల్లల విషయంలో మీ నమ్మకం సరిపోదు. రేబిస్ టీకా కార్డు, లైసెన్సు తీసుకుని మీరే అసోసియేషన్ మీటింగుకు వెళ్లి, ఈ జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసివ్వండి.

మామిడితోట ఆలోచన మాత్రం మానుకోమని మీవారికి నా మాటగా చెప్పండి. మూడేళ్లు మనుషుల మధ్య పెరిగిన కుక్కను అక్కడ ఒంటరిగా చెట్టుకు కట్టేస్తే, కొన్నాళ్లకు కోతకొచ్చిన కూలీల మీద పడవచ్చు. అప్పుడు ఆ తప్పునూ రాట్‌వైలర్ జాతి ఖాతాలోనే రాస్తారు.