ఎనిమిదో తరగతి పిల్లాణ్ని బడి నుంచి తీసేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. తోటి పిల్లాడితో కొట్లాడాడని వారం నుంచి క్లాసులోకి రానివ్వడం లేదు. 'టీసీ కావాలని మీరే రాసిచ్చి తీసుకెళ్లండి' అంటున్నారు. ఏడాది మధ్యలో వేరే బడిలో చేర్చుకుంటారా?

జవాబు: ముందు ఆ ఉత్తరం రాసివ్వకండి. విద్యాహక్కు చట్టం, 2009లోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ, పిల్లాణ్నీ బడి నుంచి తీసేయకూడదు. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవాళ్లను మళ్లీ అదే తరగతిలో ఉంచే వీలొచ్చింది గానీ, తీసేయకూడదన్న నిషేధం అలాగే ఉంది. కొట్లాడాడన్న కారణానికి మినహాయింపేమీ లేదు. అందుకే 'మీరే రాసివ్వండి' అంటున్నారు. మీ సంతకం పడిందంటే అది మీ ఇష్టంతో బడి మార్చుకున్నట్టు అయిపోతుంది. తర్వాత ఎక్కడ ఫిర్యాదు చేసినా ఆ కాగితమే చూపిస్తారు. (మైనారిటీ సంస్థల బడులకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. మీది అలాంటిదేమో చూసుకోండి.)

బాబును రోజూ పంపండి. ఇంట్లో కూర్చోబెడితే 'రావడం మానేశాడు' అని హాజరు పట్టీలో పేరు కొట్టేస్తారు. గేటు దగ్గర ఆపితే ఆ రోజే హెడ్మాస్టరుకు రాయండి: "ఫలానా తేదీ నుంచి మా అబ్బాయిని తరగతిలోకి రానివ్వడం లేదు. మేము టీసీ అడగలేదు. తీసేసినట్లయితే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వండి." స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

అయినా కదలకపోతే 32వ సెక్షన్ కింద స్థానిక ప్రాధికార సంస్థకు (పంచాయతీ, మున్సిపాలిటీ లాంటివి) ఫిర్యాదు చేయాలి. ఆ ఫిర్యాదును ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి, డీఈవోకు (జిల్లా విద్యాధికారికి) నకలు పంపండి. మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఇరువైపులా విని మూడు నెలల్లో తేల్చాలి కాబట్టి, ఎప్పుడిచ్చారో చెప్పడానికి ఆ ముద్రే ఆధారం. తీర్పు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు.

మూడు నెలలు చదువు పోగొట్టుకోలేమనుకుంటే ప్రభుత్వ బడిలో గానీ, ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం అందే) బడిలో గానీ చేర్చండి. ఏడాది మధ్యలో వచ్చారనో, టీసీ తేలేదనో వాళ్లు కాదనకూడదు. అడిగిన వెంటనే టీసీ ఇవ్వడం పాత బడి బాధ్యత. కాకపోతే టీసీ అడిగే ఉత్తరంలో 'మీరు రానివ్వనందువల్లే మారుస్తున్నాం' అని తప్పక రాయండి. మరో ప్రైవేటు బడిలో మాత్రం ఇలా హక్కుగా సీటు అడగలేరు.

తొమ్మిదిలోకి వెళ్లాక 16వ సెక్షన్ రక్షణ ఉండదు. అప్పుడు నోటీసు ఇచ్చారా, మీ మాట విన్నారా అన్నదాని మీదే వాదించాలి. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి గనుక, 'ఓపెన్‌లో కట్టించండి' అని స్కూలు వాళ్లు అన్నా మీ బాబుకు ఇప్పుడు ఆ దారి లేదు.