గుంటలో పడ్డ ఫోను, రాని నంబర్లు

ప్రశ్న: రొయ్యల గుంట దగ్గర ఏరియేటర్ సరిచేస్తుంటే ఫోను ఉప్పునీళ్లలో పడిపోయింది, ఆన్ కావడం లేదు. కొత్త ఫోనులో పాత జీమెయిలే పెట్టాను. దాదాపు 700 నంబర్లకు 60 మాత్రమే వచ్చాయి. మేత డీలరు, ఐసు లారీ, పట్టుబడి మేస్త్రి... ఎవరి నంబరూ లేదు. మిగతావి ఏమైనట్టు?
– ఒక రైతు, ముత్తుకూరు

జవాబు: మిగతావి ఆ జీమెయిల్‌లోకి ఎక్కి ఉండవు. కొత్త నంబరు రాసేటప్పుడు పైన చిన్న అక్షరాల్లో ‘సేవ్ టు’ అని కనిపిస్తుంది. అక్కడ ‘డివైస్’ అనో ‘ఫోన్’ అనో ఉంటే ఆ నంబరు ఫోను లోపలే ఉంటుంది, సింక్ (నంబర్లు దానంతట అవే జీమెయిల్‌కు చేరే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నా గూగుల్‌కు వెళ్లదు. చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు.

అయినా ఆశ వదులుకోకండి. మొదట మీ పేరు మీద ఇంకో జీమెయిల్ ఉందేమో గుర్తు చేసుకోండి. ఫోను కొన్నరోజు షాపులో కుర్రాడు కొత్తది తెరిచి ఇవ్వడం మామూలే. బ్రౌజర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి ఒక్కో జీమెయిల్‌తో లాగిన్ అయి చూడండి. పొరపాటున డిలీట్ అయినవి అక్కడ ‘ట్రాష్’లో 30 రోజులు ఉంటాయి.

తర్వాత కొత్త ఫోనులో గూగుల్ కాంటాక్ట్స్ యాప్ తెరిచి, కింద ‘ఆర్గనైజ్’లో రీస్టోర్ నొక్కండి. పాత ఫోనులో గూగుల్ బ్యాకప్ ఆన్‌లో ఉండి ఉంటే దాని పేరు అక్కడ వస్తుంది. అది ఎంచుకుంటే ఫోనులో, సిమ్‌లో దాచినవి కూడా దిగే అవకాశం ఉంది.

అదీ లేకపోతే పాత ఫోనే దిక్కు. దాన్ని ఛార్జింగ్‌కు పెట్టొద్దు, బియ్యంలోనూ పెట్టొద్దు. ఉప్పునీరు ఆరిన కొద్దీ ఫోను లోపలి సర్క్యూట్ బోర్డును తినేస్తుంది, కాబట్టి రేపు మాపు అనకుండా బోర్డు కడిగే మెకానిక్‌కు ఇవ్వండి. ఒక్కసారి ఆన్ అయితే చాలు, కాంటాక్ట్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ కొట్టి వీసీఎఫ్ ఫైలు (పేర్లు, నంబర్లు అన్నీ ఉండే ఒకే ఫైలు) తీసుకోవచ్చు.

వాట్సాప్ బ్యాకప్‌లో చాట్లు వస్తాయి కానీ మీ ఫోన్‌బుక్ రాదు. పేర్లు లేకపోయినా చాట్ చదివితే మేత డీలరు ఎవరో తెలిసిపోతుంది. అక్కడి నుంచే సేవ్ చేసుకోండి, ఈసారి జీమెయిల్‌లోకి. కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో ‘డిఫాల్ట్ అకౌంట్’ దగ్గర జీమెయిల్ పెట్టేస్తే ప్రతిసారీ చూసుకోనక్కర్లేదు.

ప్రశ్న: వీసీఎఫ్ ఫైలు తెరిస్తే తెలుగు పేర్లున్న చోట =E0=B0 అని చెత్తలా ఉంది. ఫైలు పాడైందా?
– ఒక దుకాణదారు, ఒంగోలు

జవాబు: పాడు కాలేదు. తెలుగు అక్షరాలను ఆ ఫైలు అలా రాసుకుంటుంది. ప్రతి అక్షరమూ =E0=B0 తోనో =E0=B1 తోనో మొదలవుతుంది. దాన్ని దిద్దకుండా అలాగే కొత్త ఫోనులో ‘ఇంపోర్ట్’ చేయండి, పేర్లు చక్కగా వస్తాయి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయడం మాత్రం వద్దు. 91తో మొదలయ్యే 12 అంకెల నంబరును అది 9.19E+11 అని చూపిస్తుంది. సీఎస్‌వీగా (పట్టికను ఉత్త అక్షరాలుగా దాచే ఫైలుగా) అలాగే సేవ్ అయితే చివరి అంకెలు ఇక తిరిగి రావు.

ఇంపోర్ట్ అడిగినప్పుడు జీమెయిల్‌నే ఎంచుకోండి. రెండుసార్లు చేస్తే పేర్లు జంటలుగా పడతాయి, ‘మెర్జ్’ నొక్కితే కలిసిపోతాయి.

ప్రశ్న: అన్నీ సిమ్‌లోకి కాపీ చేసుకుంటే సరిపోదా?
– ఒక గృహిణి, కావలి

జవాబు: సరిపోదు. చాలా సిమ్‌లలో 250 పేర్ల దగ్గరే చోటు అయిపోతుంది. ఫొటో, అడ్రసు ఎక్కవు, పొడవు పేర్లు మధ్యలో తెగుతాయి. తెలుగులో గుణింతం, వత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘పెంచలయ్య’ మనకు నాలుగక్షరాలే, ఫోను లెక్కలో ఎనిమిది. ‘ఐసు లారీ పెంచలయ్య’ అని రాస్తే అసలు పేరే తెగిపోవచ్చు.