సినిమాలకీ పనికీ ఒకే మానిటర్ కొనాలంటే తెర వెడల్పుకీ ఎత్తుకీ ఉండే నిష్పత్తి 16:9, 16:10, 21:9లో ఏది మేలు?

చదవడం, రాయడం, కోడింగ్ ఎక్కువైతే 16:10 తీసుకోండి. వీడియోలే ఎక్కువైతే 16:9 చాలు.

తెరని మూల నుంచి మూలకి కొలుస్తారు కాబట్టి, అంగుళాలు ఒకటే అయినా ఎత్తు మారుతుంది. 24 అంగుళాల 16:9 తెర ఎత్తు సుమారు 11.8 అంగుళాలు, 16:10ది 12.7. పిక్సెళ్లలో చూస్తే 1920×1080 బదులు 1920×1200, అంటే 120 వరుసలు అదనం. వినడానికి తక్కువే గానీ, పొడుగాటి పత్రం తెరిస్తే తేడా తెలిసిపోతుంది.

సినిమాల లెక్క వేరు. 16:9 అంటే 1.78:1. చాలా సినిమాలు 1.85:1 లేదా 2.39:1లో తీస్తారు. మొదటి రకం 16:9లో దాదాపు నిండుగా వస్తుంది. రెండో రకానికి పైనా కిందా నల్ల పట్టీలు తప్పవు: 16:9లో తెర పావు వంతు, 16:10లో మూడో వంతు ఖాళీ. అది మానిటర్ లోపం కాదు. పట్టీలు పోవాలని జూమ్ చేస్తే బొమ్మ అంచులే తెగిపోతాయి.

21:9 అన్నది పేరుకే. 3440×1440 తెర నిజానికి 2.39:1, అందుకే అలాంటి సినిమా నిండుగా పడుతుంది. మామూలు వీడియోలకి మాత్రం పట్టీలు పక్కలకి చేరతాయి. కొన్ని వీడియోల్లో నల్ల పట్టీలు బొమ్మలోనే కలిసిపోయి ఉంటాయి. అప్పుడు నాలుగు వైపులా నలుపే, భలే చికాకు! ఇంకోటి, 34 అంగుళాల 21:9 తెర ఎత్తు దాదాపు 27 అంగుళాల 16:9 తెర ఎత్తంతే.