దెయ్యాల ముట్టడి సినిమాలో కథ ఎలా నడుస్తుంది?

మీరు రాసిన కథలో వరంగల్ దగ్గరి పాత గడిలో ఐదుగురు చిక్కుకుంటారు, రాత్రంతా దెయ్యాలు ముట్టడిస్తాయి. ఈ కథకు మధ్యభాగం ఎందుకు చప్పబడుతోందన్నది మీ ప్రశ్న. ఓరుగల్లు కోటను తలచుకోండి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడిలో ముందు మట్టికోట పోయింది, ఆ తర్వాతే రాతికోట మీదికి ఒత్తిడి వచ్చింది. కథలోనూ రక్షణ ఒక్కసారిగా కూలకుండా ప్రహరీ, దర్వాజ, మేడమెట్లు వరుసగా చేజారాలి. పోయిన ప్రతిసారీ లోపలివాళ్లు మనిషినో, దీపాన్నో, ఒకరిపై ఒకరికున్న నమ్మకాన్నో కోల్పోవాలి.

ఈ చివరిదే ముఖ్యమని నా అభిప్రాయం. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ సినిమాలో బయట తిరిగే శవాలతో సమానంగా, నేలమాళిగలో దాక్కోవాలా పైనే ఉండాలా అన్న తగాదా కూడా ముప్పు తెస్తుంది.

శత్రువు మానవాతీతమైనది కనుక, అది దేనికి ఆగుతుందో మొదట్లోనే చూపించాలి. గడపకు రాసిన పసుపును దెయ్యం దాటలేదంటే, ఆ పసుపును కడిగేసే వాన మధ్యలో కురవాలి. (చివర్లో కొత్త మంత్రం పుట్టిస్తే ప్రేక్షకుడు క్షమించడు.) మీరు రాసిన కథలో గడప ఉంది, పసుపు ఉంది, వానే ఇంకా రాలేదు.