2011లో లిబియా రాజధాని ట్రిపోలీ అంత తొందరగా తిరుగుబాటుదారుల చేతికి ఎలా చిక్కింది?

ఆగస్టు 20న మొదలైన దాడి మూడు నాలుగు రోజుల్లోనే ముగిసిందంటే లిబియాని ఏలిన గడాఫీ సైన్యం అంత డొల్లగా ఉండేదా అని అడిగారు. అప్పట్లో నేను ట్రిపోలీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. టీవీలో చూసినవాళ్ళకి అది మూడు రోజుల యుద్ధం. లోపలున్న మాకు మాత్రం అది వేసవి మొత్తం సాగింది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే మన ప్రభుత్వం విమానాలు, ఓడలు పంపి 15 వేల మందికి పైగా భారతీయుల్ని వెనక్కి తెచ్చింది. కంపెనీ పనుల మీద వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది అప్పుడే వెళ్ళిపోయారు. జీతం బకాయిలు వదులుకోలేక ఆసుపత్రులవాళ్ళం కొందరం ఆగిపోయాం. ఎక్కువగా మలయాళీ నర్సులే. నాకు మలయాళం వంటబట్టింది అక్కడే!

తేడా మొదట తెలిసింది పెట్రోలు బంకుల దగ్గర. చమురు దేశం కదా, అంతకుముందు పెట్రోలు ఖర్చు ఎవరూ లెక్కలోకే తీసుకునేవారు కాదు. అలాంటిది బంకుల ముందు కార్లు రోజుల తరబడి వరుస కట్టి నిలబడేవి, జనం వాటిలోనే నిద్రపోయేవారు. అంబులెన్స్ బయటికి తియ్యాలన్నా మావాళ్ళు ఆలోచించేవారు. ఆగస్టు మధ్యలో నఫూసా కొండల నుంచి దిగిన తిరుగుబాటు దళాలు పడమర జవియాలోకి చొరబడ్డాయి. అక్కడి రిఫైనరీ, ట్యునీషియా రోడ్డు రెండూ పోయాయి. దక్షిణాన గర్యాన్, తూర్పున జ్లిటెన్ కూడా అదే వారంలో చేజారాయి. పైన నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) విమానాలు మార్చి నుంచీ బాంబులు వేస్తూనే ఉన్నాయి. ఇక రాజధానికి మిగిలింది సముద్రం ఒక్కటే, అదీ నాటో కాపలాలోనే.

20వ తేదీ రాత్రి ఇఫ్తార్ అయ్యాక మసీదుల మైకుల్లో అల్లాహు అక్బర్ అని ఒకటే కేకలు. లోపలివాళ్ళకి అదే సంకేతమట. సూక్ అల్ జుమా, తజూరా, ఫష్లూమ్ పేటల్లో నెలల తరబడి తుపాకులు దాచుకున్న కుర్రాళ్ళు వీధుల్లోకి వచ్చేశారు. తూర్పున తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న మిస్రాతా నుంచి కొందరు పడవల్లో దిగారు. పడమటి దళాలు మాయా దగ్గర గడాఫీ కొడుకు ఖమీస్ బ్రిగేడ్ స్థావరాన్ని దాటి 21వ తేదీ రాత్రికి ఊరి నడిబొడ్డున ఉన్న గ్రీన్ స్క్వేర్ చేరాయి, 23న గడాఫీ కోట బాబ్ అల్ అజీజియా పట్టుకున్నాయి. నా దృష్టిలో బయటి సైన్యం వచ్చి ఊరిని గెలవలేదు. పేటలు ముందు లేచాయి, సైన్యం వచ్చి కలిసింది.

నాకు అసలు టెన్షన్ ఆ తర్వాతే. దక్షిణాన జబల్ హసౌనా బావుల నుంచి ఎడారి దాటి వచ్చే పైపుల నీళ్ళు ఆగిపోయాయి. మసీదు బావుల నీళ్ళు క్యాన్లతో మోసుకొచ్చి, ఆపరేషన్లకే దాచేవాళ్ళం. సంబరాల్లో గాలిలోకి పేల్చిన తూటాలు కిందపడి గాయపడ్డవాళ్ళూ వచ్చేవారు. అదొక విడ్డూరం.

వీధివీధికీ చెక్‌పోస్టులు. నల్లగా కనిపిస్తే గడాఫీ కిరాయి సైనికుడని అనుమానం. చాద్, నైజర్ నుంచి కూలికి వచ్చినవాళ్ళని ఎంతోమందిని అలాగే పట్టుకుపోయారు. నా రంగు కూడా తక్కువేం కాదు కాబట్టి పాస్‌పోర్టు జేబులోంచి తీసేవాణ్ణే కాదు. "హిందీ, తబీబ్" అనేవాణ్ణి, అంటే ఇండియావాణ్ణి, డాక్టర్ని అని. డాక్టర్ని కాకపోయినా ఆ మాటే నడిచేది. సాధారణంగా నవ్వి వదిలేసేవారు. ఆఫ్రికా కూలీలకి అలా చెప్పుకునే దారి లేదు. ఆ విజయం గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళని చాలామంది వదిలేస్తారు.

"అంత తొందరగా" అన్నారు కాబట్టి ఇంకొకటి. ఆ వారం ఒక్కో దళం తను పట్టుకున్న చోటుని తనదే అనుకుంది. విమానాశ్రయం నఫూసా కొండల్లోని జింతాన్ ఊరివాళ్ళ చేతిలో ఉండిపోయింది. 2014 జూలైలో దానికోసం మిస్రాతా దళాలు జింతాన్‌వాళ్ళ మీదికే వచ్చాయి, విమానాలతో సహా తగలబడింది. అప్పటికి నేను ఇంటికి వచ్చేశాను. బకాయిల్లో సగమే చేతికొచ్చింది.